బోర్ పెంచితే బండికి బలం వస్తుందా?



మొన్న క్లాసులో పీడనం పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "సార్, మా నాన్న స్ప్లెండర్‌కు బోర్ పెంచితే పల్సర్ లెక్క ఉరుకుతదా?" అందరూ నవ్వారు. కానీ ప్రశ్న మంచిదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అందుకే ఈ నెల సైన్స్ పేజీలో దాని లెక్క ఇస్తున్నాం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

సిలిండర్ అంటే పిల్లలు లెక్కల్లో చదివే స్థూపమే. స్ప్లెండర్ బోర్, అంటే లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. వ్యాసార్థం 2.5 సెంటీమీటర్లు కాబట్టి వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 4.95తో గుణిస్తే 97 దాటుతుంది. కంపెనీ చెప్పే 97.2 సీసీ ఇదే.

ఇప్పుడు బోర్ 54 మిల్లీమీటర్లకు పెంచామనుకోండి. ఇంజన్ 113 సీసీ అవుతుంది, అంటే దాదాపు 17 శాతం ఎక్కువ. పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. అసలు కథ గోడలో ఉంది.

పెట్రోలు మండినప్పుడు లోపల చదరపు సెంటీమీటరుకు 50 కిలోల పీడనం ఉంటుందని లెక్క కోసం అనుకుందాం. అప్పుడు 50 మిల్లీమీటర్ల పిస్టన్ మీద పడే భారం దాదాపు 980 కిలోలు. ఇంజన్ నిమిషానికి 6,000 సార్లు తిరుగుతుంటే ఆ దెబ్బ సెకనుకు 50 సార్లు పడుతుంది. ఆ పీడనమే సిలిండర్ గోడనూ బయటికి నెడుతుంది. గోడలో పుట్టే ఒత్తిడి పీడనం, వ్యాసాలతో పాటు పెరుగుతుంది, గోడ మందం పెరిగితే తగ్గుతుంది. గోడ మందం మొదట 5 మిల్లీమీటర్లు అనుకుంటే, చుట్టూ 2 మిల్లీమీటర్లు కోశాక 3 మిగులుతుంది. లెక్క కడితే గోడలో ఒత్తిడి 1.8 రెట్లు అవుతుంది. సీసీ 17 శాతం పెరిగింది, గోడ మీద ఒత్తిడి 80 శాతం పెరిగింది!

పలుచబడిన గోడ వెంటనే పగలదు, గుండ్రంగా ఉండడం మానేస్తుంది. రింగులు సరిగా ఆనవు, ఆయిల్ కాలి నీలం పొగ వస్తుంది, వేడి పెరుగుతుంది. చివరికి పిస్టన్ పట్టేస్తుంది. గేరులో ఉండగా ఇంజన్ పట్టేస్తే వెనక చక్రం కూడా అక్కడే బిగుసుకుంటుంది. జగిత్యాల–కోరుట్ల రోడ్డు మీద, వెనకాల లారీ వస్తుండగా అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఇంజన్ పవర్ పెంచేవాళ్లు బ్లాక్‌ను ఎలా బలపరుస్తారు? ముందు గోడ మందం కొలుస్తారు. చాలకపోతే పాత లైనర్ తీసి మందమైనది దిగ్గొడతారు. హెడ్ బోల్టులు బిగించినప్పుడు బోర్ కొద్దిగా వంకర పోతుంది. అందుకని హెడ్ బదులు మందమైన ఇనుప పలక బిగించి, ఆ స్థితిలోనే హోనింగ్ చేస్తారు. కార్ల ఇంజన్లలో క్రాంక్‌ను కింద పట్టి ఉంచే క్యాప్‌లను గట్టి స్టీలువి వేస్తారు. కొందరు నీళ్లు తిరిగే ఖాళీలో సిమెంటు లాంటి మిశ్రమం కొంత ఎత్తు వరకు పోస్తారు. గోడలు కదలవు కానీ ఇంజన్ చల్లబడే దారి తగ్గుతుంది. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి నాకైతే అది నచ్చదు.

లోహం సంగతికొస్తే, సిరిసిల్ల పిల్లలు పవర్‌లూమ్ ఫ్రేమ్ చూసే ఉంటారు. అది పోత ఇనుము, మన మెకానిక్‌ల మాటలో బీడు. అందులోని గ్రాఫైట్ పొరలు అదురును మింగుతాయి. అల్యూమినియం తేలిక, వేడిని త్వరగా వదులుతుంది, కానీ వేడికి బీడు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చాలా బైకుల్లో బయట అల్యూమినియం, లోపల బీడు లైనర్ ఉండేది అందుకే.

అరిగిన బండికి మెకానిక్ చేసే రీబోరింగ్ వేరు. అది 0.25 నుంచి 1 మిల్లీమీటరు లోపు కోత. దానికి భయపడక్కర్లేదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఈ నెల ఇంటి లెక్క: అదే స్ప్లెండర్‌కు 0.50 మిల్లీమీటరు రీబోరింగ్ చేస్తే ఎన్ని సీసీలు? 3.14తో కట్టి 99.1 దగ్గరకు వస్తే సరైనట్టే.