ఇంటిపన్ను రశీదు - వీలునామా

తండ్రి గతించిన పిదప పన్ను రశీదు పెద్దకుమారుని పేర వచ్చినంతమాత్రమున ఇల్లు అతని యొక్కనిదే కాజాలదు. పంచాయతీ రిజిస్టరులోని పేరు పన్ను వసూలు కొరకే. వీలునామా లేనిచో హిందువులకు 1956 వారసత్వ చట్టము ప్రకారము తండ్రి స్వార్జితమున భార్యకును, తల్లికిని, కుమార్తెలకును కుమారులతోపాటు సమానభాగము కలదు. కావున పేరు మార్పు దరఖాస్తు వచ్చినపుడు తక్కిన వారసులెవరో సభ్యులు విచారించుట మేలు.

పన్ను అధికమని తోచినవారు నోటీసులోని గడువులోపల అర్జీ పెట్టుకొనవలెను. ఇంటి కొలతలు, పాత రశీదులు జతపరచిన తొలి అర్జీకి సాధారణముగ వకీలుతో పనిలేదు.

వీలునామా సంగతి వేరు. 1925 చట్టము ననుసరించి వ్రాయించినవాడు సంతకమో వేలిముద్రయో వేయవలెను. ఇరువురు సాక్షులు అతని సమక్షమున సంతకము చేయవలెను. స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను విధి కాదు గాని చేయించుటే క్షేమము. ఊరి కురువృద్ధులను సాక్షులుగ నుంచుట మర్యాదయే. కాని తగవు వచ్చునాటికి సాక్షి జీవించియున్నచో కనీసము ఒకనినైనను కోర్టులో విచారింపవలసియుండును. వయసున చిన్నవారు మేలు.

పిత్రార్జితమున తన భాగము మాత్రమే వీలునామాలో వ్రాయవచ్చును. ఆ భాగ మెంతో తేల్చుటకు వకీలు సలహా తప్పదు. స్త్రీలును, షెడ్యూల్డు కులములు, తెగలవారును 1987 చట్టము క్రింద ఉచిత వకీలుకై న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చును.