ఎండ, గుడ్డతెర, పాత కెమెరా

1932లో జర్మనీలో వెలువడిన రెండవ లైకా కెమెరాలో దూరమాపకాన్ని కటకంతో జతపరిచారు. కిటికీలో కనబడే రెండు ప్రతిబింబాలు ఏకమైతే దూరం కుదిరినట్లే. ఈ రేంజ్‌ఫైండర్ కెమెరాలలో అద్దం ఉండదు. పెక్కింటిలో కటకం వెనుక నల్లని గుడ్డతెర మాత్రమే ఉంటుంది. మన రాయచోటి ఎండలో కటకాన్ని సూర్యునివైపు ఉంచితే, భూతద్దం కాగితాన్ని కాల్చినట్లు తెరకు చిల్లు పడుతుంది. ఆ చిల్లు చిత్రాలపై తెల్లని మచ్చగా తేలుతుంది.

కావున పాత కెమెరా లభించినప్పుడు, ఫిల్ము వేయకముందే చీకటి గదిలో తెరకు ఒక ప్రక్క దీపముంచి, రెండవ ప్రక్కనుండి మనం పరీక్షించాలి. చిన్న రంధ్రాన్ని మడతపడే నల్లరంగుతో పూడ్చవచ్చు. తెర చివికితే మార్పించవలసిందే.

బయట తిరిగేటప్పుడు కటకానికి మూత ఉంచాలి. అయితే చూచే కిటికీ వేరు గనుక, మూత ఉన్నా దృశ్యం కనబడుతూనే ఉంటుంది. మీట నొక్కేముందు మూత తీశామా అని చూచుకొనుటే మన తొలి అభ్యాసం.