కార్నియాలో పేరుకొను ప్రోటీను

ప్రశ్న: నాన్నగారికి లాటిస్ కార్నియల్ డిస్ట్రఫీ యని వైద్యులు చెప్పినారు. కంటిలో ప్రోటీను చేరినదని ప్రయోగశాలలో నెట్లు నిర్ధారింతురు? మాకును వచ్చునా?
– ఒక పాఠకురాలు, శామీర్‌పేట

జవాబు: ఐదవ క్రోమోజోముపైనున్న టీజీఎఫ్‌బీఐ జన్యువు ననుసరించి 683 అమైనో ఆమ్లములతో నిర్మితమగు నొక ప్రోటీను ఆరోగ్యవంతమైన కార్నియాలోను సమృద్ధిగా నుండును. అయితే 1997లో శాస్త్రజ్ఞులు వెల్లడించినట్లు, అందలి 124వ స్థానమున ఆర్జినిన్‌కు మారుగా సిస్టీన్ చేరినచో, ఆ ప్రోటీను ఖండములు గుమిగూడి ఎమిలాయిడ్ పోగులై, పారదర్శకమైన పొరలో జాలివంటి గీతలను కల్పించును; ఇదియే లాటిస్ డిస్ట్రఫీ. 555వ స్థానమున ట్రిప్టోఫాన్ చేరినచో గీతలకు బదులు తెల్లని రేణువు లేర్పడును, దానిని గ్రాన్యులర్ డిస్ట్రఫీ యందురు.

కార్నియా మార్పిడివేళ తొలగించిన కణజాలమును పలుచని పొరలుగా కోసి కాంగో రెడ్ రంగు పట్టించి, ధ్రువీకృత కాంతిలో సూక్ష్మదర్శినితో చూచినపుడు ఎమిలాయిడ్ ఆకుపచ్చగా మెరయును. గ్రాన్యులర్ రేణువులైతే మాసన్ ట్రైక్రోమ్ రంగుతో ఎఱ్ఱబారును.

హైదరాబాదున 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు భారతీయ రోగులలో నీ జన్యుదోషములను గుర్తించి ప్రకటించియున్నారు.

ఈ వ్యాధి ప్రబల లక్షణముగా సంక్రమించునది గనుక సంతానములో ప్రతియొక్కరికిని సగము అవకాశము కలదు; రక్తపరీక్షతో జన్యుదోషమును తెలిసికొనవచ్చును. మార్పిడి చేసిన కార్నియాలో సైతము కొన్నియేండ్లకు నిక్షేపములు మరల చేరగలవు గావున, శస్త్రచికిత్సానంతరమును క్రమముగా పరీక్ష చేయించుకొనవలెను.