నేలసంపెంగ దుంపల నాటకము, పోషణ

నేలసంపెంగలో ఒకసారి పూచిన దుంప మరల పూయదు. దాని చుట్టు పుట్టిన పిల్లదుంపలే తరువాత పూలనిచ్చును. కావున విత్తన దుంపలను జాగ్రత్తగా ఏరవలెను. సుమారు అంగుళము వ్యాసము గల గట్టి దుంపలు మేలు. మరీ చిన్నవి మొదటి యేట పూయకపోవచ్చును.

త్రవ్విన దుంపలను వెంటనే నాటరాదు. మట్టి దులిపి, నీడన నెల దినములు ఆరనిచ్చిన మొలక సమముగా వచ్చును.

ఎండ తగిలి, నీరు నిలువని మడిలో చివికిన పశువుల ఎరువు కలిపి, ఫిబ్రవరి–మార్చి నెలలలో 8 అంగుళముల ఎడముగా, 2 అంగుళముల లోతున నాటవలెను. మొలక వచ్చువరకు నీరు మితముగా పెట్టవలెను. తడి ఎక్కువైన దుంప కుళ్ళును. సుమారు మూడు నెలలకు పూత మొదలగును.

మూడేండ్లకొకసారి కుదుళ్ళు త్రవ్వి, పిల్లదుంపలను విడదీసి, క్రొత్త మడిలో నాటవలెను. లేనిచో దుంపలు క్రిక్కిరిసి, పూలకాడలు పొట్టివై, పూలు తగ్గిపోవును.