మేళములో సభ్యు లెవరు?

వేదికపై ఆరుగురు కనబడుదురు; ఆహ్వానపత్రములో ఒక్కని పేరే యుండును. తక్కిన యైదుగురును ఎవరు? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, సంగీతమునకు పట్టికలు వ్రాయువారు ఇరువదియైదేండ్లుగా దీనితో పెనగులాడుచున్నారు. మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో దీనికి చక్కని యుదాహరణములు గలవు గనుక విద్యార్థుల నిమిత్తము ఈ విషయమును కొంత విమర్శింప దలచితిమి.

2000 సంవత్సరమున మ్యూజిక్‌బ్రెయిన్జ్, డిస్కాగ్స్ అను రెండు మహా పట్టికలు ఇంటర్నెట్టులో ఆరంభమైనవి. లోకమునందలి రికార్డులన్నిటిని, వానిలో పాడినవారిని, వాయించినవారిని వీనిలో నెక్కించుచుందురు. వ్రాయువారు జీతగాండ్రు కారు, సంగీతప్రియులగు సామాన్య జనులు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పద్ధతి గమనింపదగినది. అందు మనుష్యుడు వేరు, బృందము వేరు. ఒకడు బృందములో సభ్యుడని వ్రాయునప్పుడు ఏ సంవత్సరమున చేరెను, ఎప్పుడు విడిచెను, ఏ వాద్యము వాయించెను అను సంగతులను కూడ చేర్చవచ్చును. సభ్యుడు కాక తోడ్పడిన వాద్యకారునికి వేరొక సంబంధ మేర్పరచినారు. ఇవిగాక, ఒక్కొక్క పాటకు ఆ పాటలో నెవ రేమి వాయించిరో విడిగా వ్రాయు చోటు గలదు.

ఇంత సూక్ష్మ మెందుకని యడుగవచ్చును. ఇంగ్లండు దేశపు బీటిల్సు మేళమును చూడుడు. నలుగురని లోక మెరుగును. కాని 1962 వరకు డోలు వాయించినవాడు పీట్ బెస్ట్. ఆ తరువాతనే రింగో స్టార్ వచ్చెను. 1964 జూన్ మాసమున రింగో జబ్బుపడగా జిమ్మీ నికల్ అను నతడు కొన్ని దినములు వాని స్థానమున కూర్చుండి వేలకొలది జనుల యెదుట వాయించెను. 1969లో వెలువడిన యొక రికార్డుపై బీటిల్సుతో పాటు బిల్లీ ప్రెస్టన్ పేరును అచ్చువేసిరి. బెస్ట్ పూర్వ సభ్యుడు, నికల్ బదులు వచ్చినవాడు, ప్రెస్టన్ అతిథి. ముగ్గురిని ఒకే గడిలో వ్రాసినచో ముగ్గురికిని అన్యాయమే యగును.

ఇక మన యింటికి వత్తము. ఒగ్గు అనగా శివుని డమరుకము వంటి చిన్న వాద్యము. దాని పేరుననే మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పువారికి ఒగ్గువారని పేరు వచ్చినది. ప్రధాన కథకుడు ముందు నిలిచి కథ నడుపును. వంతవాడు ఆ మాట నందుకొని, ప్రశ్నవేసి, హాస్యమాడి, ఇతర పాత్రల పలుకులు తానే పలుకును. వెనుక డోలు, తాళములు. వంతవాడు ఊకొట్టనిచో కథకునికి ఊపిరి తిరుగదు. అయినను పేరు మాత్రము కథకునిదే. ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేట, సి. నారాయణరెడ్డిగారు పుట్టిన యూరు, ఒగ్గుకథకు మిద్దె రాములుగారి వలన ప్రసిద్ధి కెక్కినది. పట్టికలో “మిద్దె రాములు” అని వ్రాసినచో అది మనుష్యుని పేరా, మేళము పేరా? జనులు రెండర్థములలోను వాడుదురు. ప్రధాన కథకుడు గతించి, ఏండ్ల తరబడి వంత పలికినవాడు ముందుకు వచ్చి అవే కథలు చెప్పినచో అది పాత మేళమా, క్రొత్త మేళమా? వంతవాని పేరు మొదటినుండి ఎక్కడను వ్రాయబడకున్నయెడల ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఆధారమే యుండదు. తాను ముప్పదియేండ్లు పాడితినని అతడు చెప్పుకొనవలసినదే గాని చూపుటకు కాగితము లేదు.

ఆదిలాబాదు అడవులలో చిక్కు మరింత లోతైనది. దీపావళి దినములలో గోండు గూడెముల దండారి మేళములు ఒక గూడెమునుండి మరియొక దానికి అతిథులుగా పోవును. నెమలి యీకల కిరీటము ధరించి, మేన బూడిద పూసికొని ఆడువారు గుస్సాడీలు. మార్లవాయి గ్రామస్థులైన కనకరాజుగారికి ఈ నృత్యమునకుగాను 2021లో పద్మశ్రీ ప్రకటింపబడెను. వారు 2024లో కీర్తిశేషులైరి. అట్టి పురస్కారము మనుష్యునికే గాని మేళమున కిచ్చునది కాదు. గుస్సాడీ యొంటరిగా నాడడు. వాద్యము లేనిదే అడుగు పడదు. పెప్రె యూదువారు, డోలు వాయించువారు తరచుగా గోండులు కారు, ప్రధానులు. వీరు గోండులకు వంశపారంపర్యముగా గాయకులు. మూడు తంత్రుల కీక్రి వాయించుచు గోండుల దేవతల కథలను, వంశముల కథలను పాడుదురు. 1940 దశకమున మార్లవాయిలో నివసించిన హైమెండార్ఫ్ పండితుడు ఈ సంబంధమును గూర్చి విపులముగా వ్రాసెను. ఆ కాలమున ప్రధానులు గోండులకంటె తక్కువవారుగా నెంచబడిరి. అయినను వారి గానము లేనిదే వంశదేవత పూజ సాగదు. పంక్తిలో చోటు లేనివాడు పూజలో లేక తీరనివాడు! వీనిని సభ్యుడందుమా, తోడ్పడినవాడందుమా?

ఎవడు లేనిదే ప్రదర్శనము జరుగదో వాడే సభ్యుడని కొందరందురు. ఈ సూత్రమున ప్రధాను సభ్యుడగును. కాని ఒక్కరాత్రి బదులు వచ్చిన డోలువాడును సభ్యుడే యగును గనుక ఇది చాలదు. సొమ్ములో భాగము పంచుకొనువాడే సభ్యుడన్నచో దండారి మేళము కూలికి ఆడునది కాదు. మేళమువారినే యడుగుట మేలని మా యభిప్రాయము. అయితే ఇందులోను మెలకువ కావలెను. మేళము తరపున మాటలాడువాడు సాధారణముగా పెద్దవాడు. వెనుక కూర్చున్నవానిని ఎవరు నడుగరు. “మా ప్రధాను” అని గోండు పెద్ద చెప్పినప్పుడు ఆ “మా” అను మాట ఆప్యాయత యగునో, స్వామ్యమగునో వినువానికి తెలియదు. కావున ప్రధానునే వేరుగా నడుగవలెను. ఇద్దరి మాటలు భిన్నములైనచో రెండును వ్రాయవలెను. పట్టికవాడు తీర్పరి కానక్కరలేదు.

సెలవులలో తమ గ్రామముల మేళములను గూర్చి వ్రాసి తెచ్చెదమని పై తరగతుల బాలురు, బాలికలు కొందరు చెప్పుచున్నారు గనుక వారికి రెండు మాటలు. మొదట ఆ దినము వేదికపై నెవ రేమి వాయించిరో వ్రాసికొనుడు. ఇందులో వాదమునకు తావు లేదు. సభ్యత్వపు సంగతి తరువాత, చేరిన యేడు, విడిచిన యేడు అడిగి వ్రాయుడు. ఏడు జ్ఞాపకము లేకున్నచో గడి ఖాళీగా విడువుడు, ఊహించి నింపకుడు. పేరు వ్రాయుటకు వారి సమ్మతి గైకొనుడు. పొరుగూరి నుండి వచ్చి ఒక్కరాత్రి డోలు వాయించినవానిని మేళము పేరు క్రింద గాక ఆ రాత్రి పేరు క్రింద వ్రాయుడు. పేరుతో పాటు తండ్రి పేరు, ఊరి పేరు చేర్చుట మరువకుడు. మన సీమలో మల్లయ్యలు, రాజయ్యలు ఊరికి పదిమంది యుందురు.