పెద్దల నాటి షికారు తుపాకి: ధర కట్టేది ఎట్లా?

మీ పెద్దబాపు కాలం చేశాడనుకుందాం. దినాలు అయిపోయాక పెద్దమ్మ అటక మీద నుంచి గుడ్డ చుట్టిన పాత తుపాకి దింపించి, "కొడుకా, దీనికి ఎంత వస్తది?" అని అడిగితే మీరు ఏం చెబుతారు? పాతది కదా అని ఇనుప సామాను కింద తీసేస్తే నష్టం. తెల్లదొరల కాలంనాటిది, లక్షలు పలుకుతదని ఆశపడి ఇంట్లో దాచిపెడితే అంతకన్నా పెద్ద నష్టం.

మన దగ్గరి పోచారం అడవి ఒకప్పుడు నిజాం ప్రభువుల షికారు స్థలం. 1952లో అభయారణ్యం అయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో షికారుకు లైసెన్సులిచ్చే పద్ధతే పోయింది. షికారు పోయినా తుపాకులు కొన్ని ఇండ్లలో మిగిలాయి.

ముందు కాగితం చూడండి

పట్టా లేని భూమికి బేరం ఎట్లా ఉంటదో, లైసెన్సు లేని తుపాకికి అంతకన్నా అధ్వానం. దాన్ని కొన్నవాడికీ, అమ్మినవాడికీ, ఇంట్లో పెట్టుకున్నవాడికీ కేసే. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం లైసెన్సు లేని మామూలు తుపాకి దొరికినా 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా.

లైసెన్సు చనిపోయినవారి పేరు మీద ఉంటే అది వారితోనే ముగుస్తుంది. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలపాలి. తుపాకిని అక్కడ గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. అప్పజెప్పినంత మాత్రాన సొత్తు పోదు. వారసులు లైసెన్సు తెచ్చుకుని వాపసు తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్న వ్యక్తికి అమ్మించి డబ్బు తీసుకోవచ్చు. అయితే గడువు దాటిందా, తుపాకి సర్కారు పాలవుతుంది. భూమికి విరాసత్ చేయించుకున్నట్టే వారసుల పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలు 2016 ఆయుధాల నియమాల్లో ఉంది.

ఏ రకమో తెలుసుకోండి

ఊళ్లో ప్రతి పొడుగు తుపాకినీ రైఫిల్ అంటారు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటేనే రైఫిల్. నున్నగా ఉంటే అది చర్రాల తుపాకి. ఎక్కువగా కనిపించేది 12 బోరు జంట గొట్టాలది. గొట్టం లోపలి కొలతకు సరిపోయే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను తూగుతాయి, అందుకే ఆ పేరు.

రైఫిల్ అయితే దాని మీది అంకె ముఖ్యం. .315 అంటే 8 మిల్లీమీటర్లు, మామూలు లైసెన్సు మీద ఉంచుకోవచ్చు. .303 సైన్యం వాడిన రకం, అది నిషేధిత బోరు. కొనే అర్హత ఉన్నవారు తక్కువ కాబట్టి ధర కూడా పడిపోతుంది.

సంతలో ఎద్దును చూసినట్టు చూడాలి

ఎద్దుకు పండ్లు, గిట్టలు, నడక చూస్తాం. తుపాకికి చూడవలసినవి ఇవి:

1. తయారీదారు పేరు, వరుస సంఖ్య. లైసెన్సులో రాసిన సంఖ్యతో అది కలవాలి. గొట్టం మీద ఉన్నది కొన్నిసార్లు చేసినవారి పేరు కాక అమ్మిన దుకాణం పేరు కావచ్చు.

2. పరీక్ష ముద్రలు. ఇంగ్లండు తుపాకులకు లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్ర ఉంటుంది. పొగరాని మందుకు తట్టుకుంటుందో లేదో ఆ ముద్రను బట్టి తెలుస్తుంది. గొట్టం మీద మెలికల చారలు కనిపిస్తే అది నల్లమందు కాలపుది కావచ్చు. దాంట్లో ఇప్పటి తూటా వేస్తే పగిలే ప్రమాదం ఉంది.

3. గొట్టం లోపలి తుప్పు, గుంటలు, సొట్టలు.

4. కట్టెకు పగుళ్లు, మార్చిన భాగాలు. అసలు భాగాలు, అసలు పెట్టె, కొన్ననాటి రసీదు ఉంటే విలువ పెరుగుతుంది.

తెలియనివారు తుపాకి ముట్టుకోరాదు. లోపల తూటా ఉన్నట్టే భావించాలి. పేల్చి చూద్దామనే మాట వద్దు. మెరవాలని గరుకు కాగితంతో రుద్దితే పాత రంగు, ముద్రలు పోయి ధర తగ్గుతుంది. వరుస సంఖ్య చెరిపితే అది వేరే నేరం.

ధర, వాటాలు

విదేశీ వేలంలో ఇలాంటిది ఎంత పలికిందన్న మాట మనకు పనికిరాదు. మన తుపాకిని కొనగలిగేది ఇక్కడ లైసెన్సున్నవాడే. హైదరాబాదులోని లైసెన్సు డీలర్లు ముగ్గురికి వివరాలు, ఫొటోలు చూపి రాతపూర్వకంగా ధర అడగండి. ఉదాహరణకు 75 వేలు, 90 వేలు, లక్షా 10 వేలు అన్నారనుకోండి. మధ్యది పట్టుకోవడం మంచిది. వీలునామా లేదు, భార్య, కొడుకు, కూతురు ఉన్నారంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఒక్కొక్కరికి 30 వేలు. కొడుకు తుపాకి ఉంచుకుంటే తల్లికి, అక్కకు చెరో 30 వేలు ఇవ్వాలి. ఆడబిడ్డకు తుపాకిలో వాటా ఏంటి అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లైసెన్సుదారు మరొకరికి అమ్మేటప్పుడు ముందుగా అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాలి. "రాత్రికి వచ్చి డబ్బు ఇచ్చి తీసుకపోతా" అనే బేరగాడిని గుమ్మం ఎక్కనియ్యకండి.

తుపాకి ఉంది కదా అని అడవిపందుల మీదికి పోరాదు, దానికి అనుమతి వేరే కావాలి. అటక మీద జింక కొమ్ములు, పులి చర్మం కూడా బయటపడితే అమ్మజూపక అటవీ శాఖకు తెలపండి.

పెద్దమ్మకు మీరు చెప్పవలసిన జవాబు ఇదే: "ముందు లైసెన్సు కాగితం వెతుకు పెద్దమ్మా. ధర సంగతి తర్వాత చూద్దాం."