దీపం తీసేశాక సెనెకా ఏం చేసేవాడు?

పెళ్లికి వెళితే వెనక వరసలో కూర్చోబెట్టారు. మనకిచ్చే మర్యాద ఇదేనా అని తింటున్నంతసేపూ ఉడికిపోతాం. ఇంటికొచ్చాక ఆ కోపం ఇంట్లోవాళ్ల మీద చూపిస్తాం. దాదాపు రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లోనూ ఇదే తంతు. విందులో తక్కువ చోటు దక్కిందని పిలిచినవాడి మీదా, తనకన్నా పైన కూర్చున్నవాడి మీదా మండిపడే మనిషిని స్టోయిక్ తత్వవేత్త సెనెకా తన ‘కోపం గురించి’ అనే గ్రంథంలో గట్టిగా నిలదీశాడు. కూర్చునే పరుపు మనిషి గౌరవాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది ఆయన ప్రశ్న.

సెనెకా లాంటి స్టోయిక్కులంటే కోపతాపాలు లేని బండరాళ్లని చాలామంది అభిప్రాయం. మరో స్టోయిక్ మార్కస్ అరీలియస్‌ను చదివితే ఆ అభిప్రాయం పోతుంది. క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమన్ చక్రవర్తి. కన్నబిడ్డల్లో చాలామందిని పోగొట్టుకున్నాడు. మహమ్మారిని, సరిహద్దు యుద్ధాలను మోశాడు. గురువు రస్టికస్ మీద తనకు తరచూ కోపం వచ్చేదనీ, అయినా తర్వాత బాధపడాల్సిన పనేదీ చెయ్యకపోవడం దేవతల దయేననీ తన కోసం రాసుకున్న పుస్తకంలో చెప్పుకున్నాడు. కోపం వచ్చింది, కానీ అది చెప్పిన పని చెయ్యలేదు. అంతటి చక్రవర్తికీ కోపం వచ్చేది, అయినా దాన్ని అదుపులో పెట్టుకున్నాడు కాబట్టి మనమూ సాధనతో నేర్చుకోవచ్చని నా నమ్మకం.

ఆ సాధన ఎలా చెయ్యాలో సెనెకాయే చెప్పాడు. రాత్రి గదిలోంచి దీపం తీసేశాక, ఆయన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఉండేది. ఆయన ఆ రోజు జరిగిందంతా మనసులో తిరగేసుకునేవాడు. సెక్స్టియస్ అనే తత్వవేత్త నుంచి నేర్చుకున్న పద్ధతి ఇది: ఈరోజు ఏ చెడ్డ అలవాటును నయం చేసుకున్నాను, ఏ దోషాన్ని ఎదిరించాను, ఎందులో మెరుగుపడ్డాను? ఆయనకు దొరికిన తప్పులు చూడండి. వాదనలో అవసరానికి మించి పోట్లాడాడు. ఒకరిని మరీ కటువుగా మందలించాడు. దాంతో అతను బాగుపడలేదు సరికదా, నొచ్చుకున్నాడు. ఈ రెండోది నాకు చాలా విలువైన పాఠం. అన్న మాట నిజమైతే సరిపోదు, అవతలివాడికి పనికొచ్చిందా లేదా అని కూడా చూసుకోవాలి. పిల్లల్ని, కింద పనిచేసేవాళ్లను సరిదిద్దే ప్రతి ఒక్కరూ రాత్రికి వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

మీరూ ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ముందుగా, జరిగింది మాత్రమే రాయండి: మేనేజర్ నా మెసేజ్‌కు జవాబివ్వలేదు. దాని కింద మీరు కలిపింది రాయండి: నేనంటే ఆయనకు లెక్కలేదు. మొదటిది వాస్తవం, రెండోది మన ఊహ. నిద్ర చెడగొట్టేది చాలావరకు ఆ ఊహే. బానిసగా బతికి, ఆ తర్వాత గురువైన స్టోయిక్ ఎపిక్టెటస్ బోధలో ఈ తేడా కీలకం. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన చికిత్సా పద్ధతికి ఈ ఆలోచననే ఆధారం చేసుకున్నాడు.

ఒక్క జాగ్రత్త. రోజూ మిమ్మల్ని మీరే బోనులో నిలబెట్టి తిట్టుకుంటే నాలుగు రోజుల్లో పుస్తకం మూలపడుతుంది. మళ్లీ ఇలా చెయ్యకు, ఈసారికి క్షమించాను అని తనకు తాను చెప్పుకొనేవాడు సెనెకా. మీరూ అంతే చెప్పుకొని పడుకోండి.

ఫలితం తెలియాలంటే ఎపిక్టెటస్ చెప్పిన లెక్క తేలిక. కోపం రాని రోజులు లెక్కపెట్టమన్నాడు. మొదట్లో రోజూ వచ్చేది రోజు విడిచి రోజు వస్తుంది, తర్వాత మూడురోజులకోసారి, నాలుగురోజులకోసారి. వరసగా 30 రోజులు కోపం లేకుండా గడిస్తే దేవుడికి మొక్కు చెల్లించమన్నాడు. గోడమీది క్యాలెండర్‌లో ఈ రాత్రే మొదటి గుర్తు పెట్టండి.